కొత్తవాడి తొలి మాట

గుత్తి ప్రాంతంలో శనివారం భజనకు కొత్త ముఖం కనబడితే పెద్దవాళ్లు తాళాలు పక్కన పెట్టి ముందుగా అడిగే మాట ఒకటుంది: "యా ఊరు నాయనా? ఎవురి కొడుకువి?" కరువు ముదిరినప్పుడల్లా బెంగళూరుకో మరో చోటికో పనికి పోయే సీమ ఇది. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ ఏదో ఒకనాడు, ఎక్కడో ఒకచోట కొత్తవాడిగా నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినవాడే. ఏం చెప్పాలన్నది లోకజ్ఞానమే కాదు, సాధన కూడా.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో సత్యకాముడు విద్య కోసం హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్తాడు. "నాయనా, నీ గోత్రమేమిటి?" అని గురువు అడుగుతాడు. పిల్లవాడు అంతకుముందే తల్లిని అడిగి ఉన్నాడు. పడుచుతనంలో పలుచోట్ల ఊడిగం చేస్తున్న రోజుల్లో నిన్ను కన్నాను, నీ గోత్రం నాకు తెలియదు, నా పేరు జబాల గనుక సత్యకామ జాబాలుడినని చెప్పుకో అన్నది ఆ తల్లి. ఆ మాటను పొల్లుపోకుండా గురువు ముందు పెట్టాడు. గౌతముడు గోత్రం లేని లోటు చూడలేదు, సత్యం తప్పని నిష్ఠ చూశాడు. సమిధ తీసుకురా, ఉపనయనం చేస్తానన్నాడు.

అంతరార్థం ఆ సమిధలోనే ఉంది. ఈ సీమలో కట్టెలపొయ్యి రాజేసిన ఏ తల్లినడిగినా చెబుతుంది, పచ్చిపుల్ల పొగ పెడుతుందే గాని అంటుకోదని. నా వంశం, నా చదువు, నా హోదా అనే తడి ఆరనంతకాలం గురువాక్యం మనలో రగలదు. దాచుకోవడానికి ఏమీ మిగుల్చుకోని సత్యకాముడు సమిధ తేకముందే తానే సమిధ అయ్యాడు. ఆ తర్వాత గురువు అతని చేతికిచ్చింది పాఠం కాదు, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని అడవికి తోలుకుపోయాడు. గడ్డి దొరకని ఏడాదిలో పశువులను నిలబెట్టుకోవడమంటే ఏమిటో తెలిసిన రైతుకు ఆ మాట బరువు తెలుసు. నోటితో చెప్పుకున్న పరిచయాన్ని సత్యకాముడు ఏళ్ల తరబడి చాకిరీతో రుజువు చేశాడు.

మరి అన్నీ ఉన్నవాడి సంగతి? అదే ఉపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడిని ఆశ్రయిస్తాడు. నీకు తెలిసినదేదో ముందు చెప్పు, ఆపైది నేను చెబుతానన్నాడు సనత్కుమారుడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, సర్పవిద్య అంటూ నారదుడు ఏకరువు పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే అది బిరుదావళిగా మిగిలేది. ఇన్ని తెలిసినా ఆత్మ తెలియలేదు, శోకంలో ఉన్నాను, దాటించండి అన్నాడు. నేర్చిన విద్యలన్నీ ఒకే దప్పిక తాలూకు పాయలని ఒప్పుకున్న మాట అది. ఇవన్నీ నామమేనంటూ అందుకుని, నామం నుంచి మెట్టుమెట్టుగా అనంతమైన భూమ తత్త్వం దాకా నడిపించాడు సనత్కుమారుడు. నారదుడు తన కొరతను బయటపెట్టిన చోటే బోధకు దారి దొరికింది.

గుత్తికి దగ్గరలోని గుంతకల్లు పక్కన కసాపురంలో నెట్టికంటి ఆంజనేయస్వామి కొలువున్నాడు. వాల్మీకి సుందరకాండలో ఆ స్వామి సీతమ్మకు తనను పరిచయం చేసుకున్న తీరు మనసులో నిలుపుకోదగ్గది. శింశుపా వృక్షం ఆకుల చాటున కూర్చుని ఆలోచిస్తాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడనుకుని తల్లి బెదురుతుందేమో, మామూలు మనుషుల మాటే మేలు అనుకుంటాడు. మొదట దశరథుడి పేరెత్తి, రామకథ చెప్పి, తన సంగతి చివరికి వదిలేస్తాడు. సముద్రం దాటిన సంగతి గొప్పగా చెప్పుకోవలసిన చోట, వినేవారి భయం తీరడమే ముఖ్యమనుకున్నాడు. నేనెవరినన్న మాటకన్నా ఎవరి పని మీద వచ్చానన్నది ముందు నిలిస్తే అహం దానంతటదే వెనక్కి తగ్గుతుంది.

ఇంతా చెప్పాక, అడిగేవాడి బాధ్యత కూడా చెప్పాలి. "ఎవురి కొడుకువి?" అన్న ప్రశ్న చాలాచోట్ల కులం దాకా సాగుతుంది. గౌతముడూ గోత్రమే అడిగాడు. కాని తాను ఎదురుచూడని జవాబు వచ్చినప్పుడు వాకిలి మూయలేదు. ఆ పరీక్షలో సత్యకాముడితో పాటు గురువూ నెగ్గాడు. మన భజన మందిరంలో, మన సత్సంగంలో ఆ ప్రశ్న అడిగే ముందు ఏ జవాబు వచ్చినా పక్కకు జరిగి చోటిస్తామా అని మనల్ని మనం అడుగుదాం. ఇస్తామంటేనే అడుగుదాం. లేకుంటే ప్రశ్న మానేసి, వచ్చినవాడి చేతికి తాళాలు అందిద్దాం.