కన్నవారి సేవకు డబ్బు తీసుకోవచ్చా?

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మొనాష్ విశ్వవిద్యాలయం, మొనాష్ మెడికల్ సెంటర్ ఉన్నాయి. చదువుకనో ఉద్యోగానికనో వచ్చి ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలు దాటారు. ఈ ఇళ్లలో పెద్దవాళ్లు మంచాన పడే కాలం వస్తోంది. మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సి రావడంతో ఉద్యోగం చేయలేకపోయిన వారికి అక్కడి ప్రభుత్వం ‘కేరర్ పేమెంట్’ ఇస్తుంది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా, ఆదాయ పరిమితికి లోబడి, పక్షానికి సుమారు 160 డాలర్ల ‘కేరర్ అలవెన్స్’ కూడా ఉంది. అర్హత ఉన్నా చేయి చాచడానికి మనసొప్పని వాళ్లుంటారు. తల్లికి అన్నం తినిపించినందుకు డబ్బు పుచ్చుకుంటే ఇక అది సేవ ఎలా అవుతుందన్నది వారి బాధ. అవుతుందనే నా వాదన. అంతేకాదు, సేవ చేసే మనిషి జీవికను పట్టించుకోకపోవడమే అధర్మం.

వారి సందేహాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. దానికి శాస్త్రబలం ఉంది. కూలికి చదువు చెప్పే భృతకాధ్యాపకుణ్ణి, పూజను బతుకుతెరువు చేసుకున్న దేవలకుణ్ణి శ్రాద్ధానికి పిలవకూడదన్నాడు మనువు. తల్లిదండ్రులు పడ్డ శ్రమ నూరేళ్లకైనా తీరే ఋణం కాదన్నదీ ఆయనే. ప్రతిఫలం కోరకుండా ఇచ్చిందే సాత్త్విక దానమంటుంది గీత పదిహేడో అధ్యాయం. ఋణం తీర్చుకుంటున్నవాడు కూలి అడగడమేమిటన్న ప్రశ్న వీటిలోంచే పుడుతుంది. మతంతో పని లేకుండా ఇలాంటి వాదనే చేసినవాడు బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్‌మస్. రక్తదానానికి వెల కడితే ఇచ్చే గుణమే సన్నగిల్లుతుందని 1970లో ఒక పుస్తకమే రాశాడు.

అయితే కూలి చదువును నిందించిన ఆ సమాజమే పండితులకు అగ్రహారాలిచ్చింది, గుళ్లకు మాన్యాలు రాసింది. బేరమాడని గురువు గాలి భోంచేసి బతకలేదు. ఆయన తిండి ముందే ఎవరో ఏర్పాటు చేశారు, ఆ పొలం మరెవరో దున్నారు. అంటే పెద్దలు కాదన్నది ‘ఇస్తేనే చేస్తాను’ అనే బేరాన్ని, జీవికను కాదు. ముసలి తల్లిదండ్రుల్ని, సాధ్వి అయిన భార్యను, పసిబిడ్డను నూరు చేయరాని పనులు చేసైనా పోషించాలని మనువు చెప్పినట్టు వ్యాఖ్యాతలు ఉదహరిస్తారు. పోషణకు డబ్బు కావాలని అంత గట్టిగా ఒప్పుకున్న మాట మరొకటి లేదేమో. ఎర్రన తెనిగించిన అరణ్యపర్వ భాగంలోని ధర్మవ్యాధుణ్ణి చూడండి. మిథిలలో మాంసం అమ్ముతాడు, ఇంటికొచ్చి తల్లిదండ్రుల్ని దైవాలుగా కొలుస్తాడు. తపస్సు కోసం కన్నవాళ్లను వదిలేసి వచ్చిన కౌశికుడికి ధర్మం చెప్పినవాడు ఆయనే. ఆ అంగడి లేకపోతే ఆ సేవ సాగేది కాదు. కదల్లేని తల్లి పక్కన పగలూ రాత్రీ ఉండాల్సిన మనిషికి ఆ అంగడి కూడా మూతపడుతుంది. కేరర్ పేమెంట్ పూడ్చేది ఆ లోటునే. అందుకే ఆస్తిపాస్తులు, ఆదాయం చూసి ఇస్తారు. బయటి పనికి నాలుగు వారాల్లో 100 గంటల పరిమితి పెట్టారు, 2025 మార్చి 20 నుంచి. అందులో ప్రేమకు వెల కట్టినదేమీ లేదు.

ఇన్నాళ్లూ మన ఇళ్లలో డబ్బు ప్రసక్తి లేకుండా సేవ జరిగిందంటే అది ఖర్చు లేని పని అయినందుకు కాదు. ఆ ఖర్చును కోడలో, పెళ్లికాని కూతురో తన బతుకులోంచి చెల్లించింది. ఆస్ట్రేలియాలోనూ ప్రధాన సంరక్షకుల్లో మూడింట రెండు వంతులు స్త్రీలే. అక్కడ ఇంటివాళ్లు ఉచితంగా చేసే ఈ పనిని జీతమిచ్చి చేయించాలంటే ఏడాదికి 7,790 కోట్ల డాలర్లవుతుందని 2020లో డెలాయిట్ సంస్థ లెక్కగట్టింది. చేసేవారికి పుణ్యం, మిగతావారికి జీతమూ పదోన్నతీ, ముసలితనంలో పింఛనూ దక్కే పంపకాన్ని ధర్మమని నేను ఒప్పుకోలేను.

పరాయి మనిషిని పెట్టుకున్నప్పుడు మనకు ఈ శంకే రాదు. క్లేటన్‌లో ఉన్న కొడుకు విజయవాడలో ఏజెన్సీకి డబ్బు కట్టి తల్లికి ఆయాను పెడితే మంచి కొడుకంటాం. మొనాష్‌లో 1980లో జీవనీతి కేంద్రాన్ని స్థాపించిన పీటర్ సింగర్ అయినవాళ్లూ పరాయివాళ్లూ అనే తేడా నీతికి అడ్డురాకూడదని వాదించిన తత్త్వవేత్త. ఆల్జైమర్స్ వచ్చిన తల్లిని చూసే మనుషుల కోసం ఆయన చాలా ఖర్చు పెట్టాడు. తన సిద్ధాంతానికి ఇది విరుద్ధమని కొందరు విమర్శించారే గాని, డబ్బిచ్చాడు కాబట్టి తల్లిమీద ప్రేమ లేదని ఎవరూ అనలేదు. ఆయాకిస్తే ప్రేమకు గుర్తయిన డబ్బు, అదే పని చేసే వదినకిస్తే ప్రేమకు మచ్చ ఎలా అవుతుంది?

డబ్బు చేరితే దురాశ కూడా చేరుతుందన్న భయం మాత్రం నిజమైనదే. మంచంమీదున్న మనిషి తన పోషకుల మీద ఎవరితో చెప్పుకోగలదు? ఆస్ట్రేలియా వికలాంగుల బీమా పథకం ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప కుటుంబ సభ్యులకు వేతనం ఇవ్వకపోవడానికి ఇలాంటి జాగ్రత్తే కారణం. దీనికి విరుగుడు సంరక్షకురాలి డబ్బును పెద్దావిడ డబ్బుతో కలపకుండా విడిగా ఇవ్వడం, బయటివారు వచ్చి చూసి వెళ్లే ఏర్పాటు ఉంచడం. సేవ చేసేవాళ్లందరినీ ఒట్టి చేతులతో ఉంచితే మోసం ఆగదు. అలసట, చిరాకు మాత్రం పెరుగుతాయి. వాటి దెబ్బ తగిలేది మంచంమీది మనిషికే.

చట్టం అందరికీ అందదు కూడా. చూసుకునేవారూ, చూడబడేవారూ ఆస్ట్రేలియా నివాసులైతేనే కేరర్ పేమెంట్ వస్తుంది. విజిటర్ వీసా మీదో, తల్లిదండ్రులకిచ్చే తాత్కాలిక 870 వీసా మీదో వచ్చిన పెద్దవాళ్లు ఆ లెక్కలోకి రారు. వృద్ధ తల్లిదండ్రుల శాశ్వత వీసాకు వరుసలో నిలబడితే ముప్పై ఏళ్లు దాటుతుందంటున్నారు. మన వైపు, ఆంధ్రప్రదేశ్‌లో మంచాన పడ్డ రోగికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు, చూసుకునే మనిషి పేరు మీద కాదు. చూసుకునే వారికే ‘ఆశ్వాసకిరణం’ పథకం పెట్టిన కేరళ ఇచ్చేది నెలకు 600. తల్లిదండ్రుల పోషణకు 2007లో చేసిన కేంద్ర చట్టం పిల్లల బాధ్యత చెప్పింది గాని, ఆ పిల్లల్లో ఎవరు ఉద్యోగం మానుకుంటారో అడగలేదు.

కనుక క్లేటన్‌లో అర్హత ఉన్నవారు ఈ సాయాలు చెల్లించే ప్రభుత్వ విభాగం సెంట్రలింక్‌లో సంకోచం లేకుండా దరఖాస్తు పెట్టుకోండి. అర్హత లేని ఇళ్లలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని, అమ్మను చూస్తున్నదెవరో, అందుకు ఆమె ఏం వదులుకుందో లెక్క చూసి, నెలనెలా ఆ మొత్తం ఆమె సొంత ఖాతాలో వేయండి. ఆమె అడిగేదాకా ఆగకండి.