గింజలోని నూనె, పోగులోని గుడ్డ

కార్యం కారణంలో ముందే ఉంటుందా, లేక కొత్తగా పుడుతుందా అన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించిన ప్రశ్న. ముందే ఉంటుందనే సాంఖ్యుల సత్కార్యవాదానికి నువ్వుల్లోని నూనె ఉదాహరణ కాగా, లేనిదే పుడుతుందనే నైయాయికుల అసత్కార్యవాదానికి దారాల నుంచి పుట్టే వస్త్రం ఉదాహరణ. కర్నూలు జిల్లా పడమటి సీమలో ఈ రెండూ బతుకుతెరువులే. ఆదోని పత్తికీ నూనె మిల్లులకూ పేరుపడిన ఊరు, ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన మగ్గాల ఊరు.

నూనె తీయడం, గుడ్డకు రంగు అద్దడం వంటి పనులను లెక్కగట్టి చూసే శాస్త్రం ముందు కూడా ఇదే ప్రశ్న నిలుస్తుంది. 1887లో మాంచెస్టర్‌లో జార్జ్ డేవిస్ ఇచ్చిన ఉపన్యాసాలతో రూపు కట్టిన రసాయన ఇంజనీరింగ్, 1915లో ఆర్థర్ లిటిల్ ప్రతిపాదించిన ‘యూనిట్ ఆపరేషన్లు’ అనే భావనతో, అంటే ఏ పరిశ్రమనైనా నలపడం, వడకట్టడం, ఆవిరి చేయడం వంటి కొద్దిపాటి పనుల వరుసగా చూడవచ్చన్న భావనతో స్వతంత్ర శాస్త్రంగా నిలదొక్కుకుంది. దాని పునాది ద్రవ్యతుల్యత. లోపలికి వెళ్లిన బరువు, బయటికి వచ్చినదీ లోపల మిగిలినదీ కలిపిన బరువుకు సమానం కావాలన్న నియమం అది.

నలిపిన పత్తి గింజను హెక్సేన్ అనే ద్రావణితో కడిగి, సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ఆ ద్రావణిని ఆవిరిగా తొలగిస్తే నూనె మిగులుతుంది. ఇక్కడ ఉన్నదే విడివడింది. అయితే ఆ ముడి నూనెలోని గాసిపాల్ అనే విషపదార్థాన్నీ, విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలనూ తీసివేయడానికి కాస్టిక్ సోడా కలిపినప్పుడు సబ్బు ఏర్పడుతుంది. గింజలో ఎంత వెదికినా ఆ సబ్బు దొరకదు.

వస్త్రం బరువు దారాల బరువుకు భిన్నం కాదు కనుక అవి రెండూ వేరు కావని సాంఖ్యుల పక్షాన వాచస్పతి మిశ్రుడు సాంఖ్యతత్త్వకౌముదిలో వాదించాడు. ఇది ద్రవ్యతుల్యతకు ఆశ్చర్యం గొలిపేంత దగ్గరి తర్కమే అయినా, విడి పోగులు ఒంటిని కప్పలేవన్న నైయాయికుల జవాబును అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. ఈ రెంటి నడుమ మూడో జవాబూ ఒకటుంది. 1671లో రాఘవేంద్రతీర్థులు తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం ఆదోని, ఎమ్మిగనూరులకు దగ్గరే. ఆయన అనుసరించిన మధ్వమతం, కార్యం పుట్టకముందు కారణరూపంలో ఉంటుందనీ, కార్యరూపంలో ఉండదనీ చెబుతుంది. ఇంజనీరు లెక్కకు ఎక్కువగా సరిపడేది ఈ మాటే. మొత్తం బరువు లెక్కలో ‘పుట్టినది’ అనే పద్దుకు చోటు లేదు, ఒక్కొక్క పదార్థానికి విడిగా రాసే లెక్కలో ఆ పద్దు లేకుండా పని జరగదు.

గుడ్డ విషయంలోనూ లెక్క ఇంతే. నూలు అద్దకంలో వాడే రియాక్టివ్ రంగు కొంత పోగుతో రసాయనబంధం ఏర్పరచుకుంటుంది, కొంత నీటితోనే చర్య జరిపి పోగుకు అంటకుండా కడిగిన నీళ్లతో కాలువలోకి పోతుంది. గుడ్డ మీద కనిపించకపోయినా ఆ రంగు బరువు లెక్కలో ఉంటుంది.