ఆలస్యం ఎవరిది?

పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు మేడారం బయలుదేరినప్పుడు పూనకం వచ్చినవాళ్లను మనం చూస్తుంటాం. ఊరంతా వాళ్లకు దండం పెడుతుంది. డోలు ఆగాక ఆ మనిషి మళ్లీ మామూలు మనిషై ఇంటికొస్తాడు. అది మన నమ్మకం. దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

కానీ డోలూ లేదు, జాతరా లేదు. హాస్టల్లో పిల్లవాడు వారాల తరబడి నిద్రపోడు. ఎవరికీ వినిపించని గొంతులు వింటాడు. విషం కలిపారని అన్నం మానేస్తాడు. ఇది పూనకం కాదు, జబ్బు. డాక్టర్లు సైకోసిస్ అంటారు. ఎక్కువగా చదువుకునే వయసులో, పెళ్లీడులో మొదలవుతుంది. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వెయ్యిమంది పెద్దవాళ్లలో సుమారు 14 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. వైద్యం కావాల్సిన ప్రతి నలుగురిలో ముగ్గురికి అందడం లేదు. మొదటి నెలల్లోనే మందు పడితే చదువూ పనీ నిలబడే అవకాశం ఎక్కువ. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

మరి ఆ ఆలస్యం ఎవరిది? మూఢనమ్మకమే కారణమని బయటివాళ్లు తేల్చేస్తారు. మనం ఒప్పుకోం. వడ్డె పిలిస్తే పలికేంత దూరంలో ఉంటాడు. మానసిక వైద్యుడి కోసం కొత్తగూడ నుంచి మహబూబాబాద్‌కో వరంగల్‌కో పోవాలి. బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవాళ్ల కూలి, అదీ నెలనెలా. మానసిక వైద్యం అందుబాటు దూరంలో దొరకడం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. అది సర్కారు మనకు పడ్డ బాకీ. అడగాల్సిందే.

అయితే మన వాటా కూడా ఉంది. ‘పిచ్చోడు’ అని పేరు పెట్టేది సర్కారు కాదు, మనమే. సంబంధాలు చెడతాయని ఇంట్లో దాచేదీ మనమే. దాచిన ప్రతి నెలా ఆ పిల్లవాడి బతుకులోంచే పోతుంది.

వడ్డెను వదులుకోమని మనం అనడం లేదు. మొక్కు మొక్కుదాం, మందూ వేయిద్దాం. ‘ఆస్పత్రికి తీసుకుపోండి’ అని వడ్డె ఒక్కమాట అంటే, ఇంటివాళ్లకు అది డాక్టరు మాటకన్నా బరువు. ఆశ్రమ పాఠశాల టీచర్లకు మార్పు ముందే కనబడుతుంది. బాగా చదివేవాడు వెనకబడతాడు, ఒంటరవుతాడు, అందరినీ అనుమానిస్తాడు. బెత్తం తీయకముందు, ఇంటికి పంపేయకముందు 14416కు ఫోన్ చేయాలి. 2022లో మొదలైన టెలిమానస్ అది. తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. సిగ్నల్ లేని గూడెం నుంచి ఆ ఇంటివాళ్లను సిగ్నల్ ఉన్నచోటికి తీసుకెళ్లడం చదువుకున్న యువకుల పని.

జాతరలో పూనినవాళ్లు కింద పడకుండా పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. జాతర లేని రోజున కూడా ఆ చేయి అందించగలమా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.