ఋషిఋణం ఎవరి ఖాతాకు?

భారతీయ సంప్రదాయం చెప్పే మూడు ఋణాలలో ఋషిఋణం, అంటే జ్ఞానాన్ని అందించినవారికి మనిషి పడిన బాకీ, అధ్యయనం వల్లనే తీరుతుంది. కానీ ఒకరి పేరు ఉండవలసిన చోట మరొకరి పేరు నిలిచిపోతే ఆ బాకీ ఎవరికి చెల్లాలన్న ప్రశ్నను ఎల్లో ఫీవర్, అంటే ఒళ్లు పసుపుబారి ప్రాణం తీసే వైరస్ జ్వరం, చరిత్ర సూటిగానే లేవనెత్తుతుంది. దాన్ని దోమ మోస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లో హవానాలో ప్రతిపాదించగా, సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా జీవిని చూసింది ఆ తరువాత 16 ఏళ్లకు. 1900లో ఫిన్లే ఇచ్చిన దోమ గుడ్లతోనే అమెరికా సైనిక వైద్య బృందం ఆ సిద్ధాంతాన్ని రుజువు చేసింది. కీర్తి మాత్రం బృందనాయకుడు వాల్టర్ రీడ్ పేరుతో స్థిరపడింది. రుజువు చేయడం చిన్న పనేమీ కాదు, అయినా ఊహించినవాడిని మరుగుపరచడం న్యాయమూ కాదు. ఆ ప్రయోగాల దశలోనే జ్వరం సోకి బృంద సభ్యుడు జెస్సీ లాజియర్ మరణించగా, 100 డాలర్ల బంగారానికి, జబ్బుపడితే మరో 100కు, ఒప్పుకొని ఒళ్లప్పగించిన స్పానిష్ వలస కూలీలను జ్ఞాపకం చేసుకునేవారే తక్కువ. తరువాత నోబెల్ గ్రహీత ఫిలిప్ హెంచ్ ఏళ్ల తరబడి ఉత్తరాలు, సాక్ష్యాలు సేకరించాడు. ఆ సేకరణ నేడు వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉంది, అందులో ఆ కూలీల ఒప్పందపత్రం కూడా ఉంది.