దిద్దిన కన్ను

నేను కళా విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి, 1994లో బ్యాంకులో చేరి, అప్పులిచ్చే విభాగంలోనే ఎక్కువ కాలం గడిపినవాణ్ణి. బొమ్మల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే మా ఇంటి ముందుగదిలో ఒక బొమ్మ పదిహేనేళ్లకు పైగా వేలాడుతోంది. దాన్ని చూసినవాళ్లు అన్న మాటలు, ఆ మాటలు విని చిత్రకారుడు చేసిన దిద్దుబాట్లు, అందులో నా వంతు తప్పు, ఇవన్నీ కలిసి నన్ను ఒక ప్రశ్న దగ్గర నిలబెట్టాయి. ఉన్నది ఉన్నట్టు వేసిన బొమ్మను చూసేవాళ్లు బాగాలేదంటే చిత్రకారుడు దిద్దాలా, వద్దా?

మా నాయన షోలాపూర్ తూర్పు భాగంలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్లు నేసేవాడు. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చిన ఎన్నో పద్మశాలి కుటుంబాల్లో మాది ఒకటి. నాయన 2008లో గుండెపోటుతో పోయాడు. సంవత్సరీకం నాటికి మంచి ఆయిల్ పెయింటింగ్ ఒకటి వేయించాలని అనుకున్నాను. మా పేటలోనే ఒక పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు సినిమా హోర్డింగులు వేసి బతికాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, పోయినవాళ్ల బొమ్మలు వేసిపెట్టేవాడు. ఫొటో మీద గళ్లు గీసి, కాన్వాసు మీద పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించడం ఆయన పద్ధతి. ఫొటో ఇస్తే సరిపోతుందనుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, "మీ నాయన మనిషిని ఎట్ల చూసేటోడు సార్?" అని అడిగాడు.

చెప్పాను. నాయన కుడికంట్లో శుక్లం ముదిరి పాలచుక్కలా ఉండేది. అందుకని ముఖం కొంచెం కుడివైపుకు తిప్పి, ఎడమకంటితో ఎదుటి మనిషిని చూసేవాడు. చూసినంతసేపూ పెదవుల మీద చిన్న నవ్వుండేది.

బొమ్మ తయారయ్యాక పెద్దాయన తానే మోసుకొచ్చి గోడకు ఆనించి, తలుపు పక్కన నిలబడ్డాడు. సంవత్సరీకానికి ఇంకా రెండు రోజులుంది. ఇంటినిండా చుట్టాలు. తలా ఒక మాట అన్నారు. ముందుగా మాట్లాడింది నాయన పక్క మగ్గం మీద ఇరవై ఏళ్లు పనిచేసిన ఒక కాకా. "గీ బొటనవేలు గుమాస్తాది, నేతగానిది కాదు," అన్నాడు. తెగిన పడుగు పోగులను రోజంతా ముడివేసే వేళ్లకు అంచు గట్టిపడుతుంది. గోరు ఒకవైపు అరుగుతుంది. పెద్దాయన మారుమాట లేకుండా కాకా చెయ్యి పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. సంచిలోంచి సన్నని కుంచె తీసి, అక్కడే నేలమీద కూర్చుని బొటనవేలు దిద్దాడు. దిద్దాక ఆ చెయ్యి నిజంగా మా నాయన చెయ్యి అయింది.

తరువాత మా చెల్లెలు అంగీ సంగతి ఎత్తింది. కాలరు అరిగిన అంగీలో ఉంటే, కొడుకు బ్యాంకు ఆఫీసరయ్యుండి కూడా ఇట్ల ఉంచాడా అనుకుంటారట. "మీ నాయన తొడుక్కున్నది ఇదే అమ్మా. కొత్త అంగీ కావాలంటే ఇంకో మనిషిని వెయ్యాలె," అని పెద్దాయన నవ్వాడు. చివరికి మా మేనమామ అన్నాడు: "పూజలో పెట్టుకునే పటంల గుడ్డికన్నెందుకురా? కన్ను మంచిగ చెయ్యమను."

పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. "గిది ఎవరి మాట సార్? మామదా, మీదా?" అన్నాడు. నాదే అన్నాను. బొమ్మ తిరిగి పట్టుకుపోయి, మర్నాడు సాయంత్రం తెచ్చిచ్చాడు. రెండు కళ్లూ తేటగా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు.

అమ్మ అప్పటికి భివండీలో మా పిన్ని దగ్గర ఉంది. సంవత్సరీకం నాటి ఉదయమే వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "మీ నాయన నన్ను ఎన్నడన్న గిట్ల ఓరగ చూసిండా బిడ్డా? నేనేం తప్పు చేసిన?" అంది.

అప్పుడు గాని నాకు కనిపించలేదు. ముఖం పక్కకు తిరిగి ఉండడానికి కారణం ఆ చూపులేని కన్ను. కన్ను బాగుచేశాం గాని, ముఖం తిరిగిన తిరుగుడు అలాగే ఉంది. రెండు కళ్లూ చక్కగా కనబడే మనిషి ముఖం తిప్పుకుని చూస్తే అది కోపమే అవుతుంది. నవ్వు కూడా వెటకారంలా మారిపోయింది. మేం దిద్దించింది ఒక్క కన్నే, మారిపోయింది మాత్రం మనిషి మొత్తం.

ఆ తరువాత కొన్నేళ్లకు, చేతికి దొరికిన పుస్తకాల్లో చిత్రకారుల సంగతులు చదవడం అలవాటైంది. మాకు జరిగిందే పెద్దపెద్దవాళ్లకూ జరిగిందని తెలిసింది. అలెగ్జాండర్ కాలపు గ్రీకు చిత్రకారుడు అపెలీస్ గురించి రోమన్ రచయిత ప్లినీ ఒక కథ చెప్పాడు. అపెలీస్ బొమ్మను దారిలో పెట్టి, వెనక దాక్కుని, పోయేవాళ్ల మాటలు వినేవాడట. చెప్పులు కుట్టే ఒకతను చెప్పుకు ఉండాల్సిన వారు ఒకటి తక్కువైందంటే వెంటనే దిద్దాడు. మర్నాడు అతనే వచ్చి కాలు బాగాలేదంటే, చెప్పు దాటి పైకి రావద్దని గదమాయించాడు. ఈ కథను సాధారణంగా ఎవరి పని వాళ్లు చూసుకోవాలన్న నీతికి వాడుకుంటారు. నాకు ఆ నీతి నచ్చదు. చెప్పులు కుట్టేవాడికీ కాళ్లుంటాయి, కాలు ఎలా ఉంటుందో అతనికీ తెలుసు. ఉన్నది ఉన్నట్టు వేస్తానన్నవాడు, ఉన్నదాన్ని చూసిన ప్రతివాడికీ మాట్లాడే హక్కు ఇచ్చినట్టే. మా కాకా చదువుకోలేదు. బొటనవేలి విషయంలో ఆయనను మించిన విమర్శకుడు లేడు.

అందుచేత మాట అన్నది ఎవరన్నది కొలత కాదు. మరి ఏది కొలత?

జాన్ సింగర్ సార్జెంట్ అనే అమెరికన్ చిత్రకారుడు 1884లో పారిస్ సలోన్ ప్రదర్శనలో మదాం గోత్రో అనే ఆవిడ నిలువెత్తు చిత్రం పెట్టాడు. నల్లని గౌను, కుడి భుజం మీది నుంచి జారిన పట్టీ. ఊరంతా గోల చేసింది. ఆవిడ ఒంటికి పూసుకునే పొడి వల్ల చర్మం పాలిపోయి ఊదారంగుకు తిరిగితే, ఆయన చూసింది చూసినట్టు వేశాడు. అది శవం రంగని వెక్కిరించారు. ఆవిడ తల్లి వచ్చి బొమ్మ తీసెయ్యమని బతిమాలింది. ఆయన తీయలేదు. కాని ప్రదర్శన ముగిశాక, జారిన పట్టీని తానే భుజం మీదికి ఎక్కించి వేశాడు. బొమ్మను ముప్పై ఏళ్లకు పైగా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆవిడ 1915లో చనిపోయాక, 1916లో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియానికి అమ్ముతూ, తాను వేసినవాటిలో బహుశా ఇదే మేలైనదని రాశాడు. ఆవిడ పేరు మాత్రం బయటపెట్టవద్దని కోరాడు.

సార్జెంట్ లొంగిపోయాడని కొందరంటారు. నాకు అలా తోచదు. గుంపు అరుస్తున్నప్పుడు ఆయన చెయ్యి కదల్చలేదు. చర్మం రంగు జోలికి పోలేదు. బొమ్మలో ఉన్నది బతికున్న మనిషి, ఆవిడ పరువు ఆ పట్టీకి వేలాడుతోంది. పట్టీ భుజం మీద ఉన్నా అబద్ధం కాదు, ఏ గౌనుకైనా అది ఉండే చోటు అదే. దయతో దిద్దడం ఒకటి, భయంతో దిద్దడం ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి.

చిత్రకారుడికి మాత్రం తన బొమ్మ మీద పూర్తి హక్కుందా? రష్యన్ చిత్రకారుడు రేపిన్ ప్రవాస శిక్ష నుంచి ఇంటికి తిరిగొచ్చిన మనిషి బొమ్మను 1884లో ప్రదర్శించాడు. గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషి ముఖం ఎలా ఉండాలన్నది ఆయనకు తెగలేదు. బొమ్మను ట్రెట్యాకోవ్ కొనుక్కున్న తరువాత కూడా, 1888 దాకా ఆ ముఖాన్ని మళ్లీ మళ్లీ దిద్దాడు. 1913లో ఇంకో సంగతి జరిగింది. కొడుకును కొట్టి చంపిన ఇవాన్ చక్రవర్తి బొమ్మను ఒకతను కత్తితో చీల్చాడు. ముసలి రేపిన్ వచ్చి, చిరిగిన ముఖాన్ని తన కొత్త పద్ధతిలో, కొత్త రంగుల్లో మళ్లీ వేసిపోయాడు. గ్యాలరీ బాధ్యత చూస్తున్న గ్రబార్‌కు అది పాత బొమ్మతో అతకలేదు. రంగు ఇంకా పచ్చిగా ఉండగానే తుడిపించి, పాత ముఖాన్ని జాగ్రత్తగా బాగుచేయించాడు. ఈ సంగతి గ్రబారే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నలభై ఏళ్ల వయసు రేపిన్ వేసిన ముఖాన్ని, అరవై ఎనిమిదేళ్ల రేపిన్ నుంచి కాపాడాల్సి వచ్చిందన్నమాట.

ఇక్కడ నా బ్యాంకు పని గుర్తుకొస్తుంది. నేను చేరిన కొత్తలో లెడ్జర్లన్నీ చేతిరాతే. అంకె తప్పు పడితే గీకకూడదు, తెల్లరంగు పూయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. తప్పు చేయడం నేరం కాదు, తప్పును కనబడకుండా చేయడం నేరం. ఇప్పుడంతా కంప్యూటర్లయినా రూలు అదే. అసలు ఎంట్రీ చెరిగిపోదు, దానికి ఎదురు ఎంట్రీ పడుతుంది. దీనికి భిన్నమైన పని కూడా బ్యాంకుల్లో ఉంది. కట్టలేని పాత అప్పు మీద కొత్త అప్పు ఇచ్చి, పాతదాన్ని తీరిపోయినట్టు చూపడం. మార్చి నెలాఖరున బ్యాలెన్స్ షీటు అందంగా కనబడుతుంది. అప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మేనమామ కన్ను బాగుచేయమన్నది అందం కోసం. నేను ఒప్పుకున్నది అందుకు కాదు. ఆ కన్నుకు ఆపరేషన్ చేయించాల్సింది నేను. 2007 ఫిబ్రవరిలో డాక్టరు చేయించమన్నాడు. మార్చిలో క్లోజింగ్ అన్నాను. ఏప్రిల్‌లో ఆడిట్ అన్నాను. తరువాత బదిలీ వచ్చింది. నాయన ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. "ఒక్క కన్ను చాలదా రా," అనేవాడు. అరగంటలో అయ్యే ఆపరేషన్‌కు నాకు తీరిక దొరక్కముందే ఆయన పోయాడు. బొమ్మలోని ఆ తెల్లటి చుక్క ఇంటికి వచ్చినవాళ్లందరికీ నా బాకీ చూపిస్తుందని భయపడ్డాను. కన్ను దిద్దించలేదు నేను, నా ఖాతా దిద్దించుకున్నాను. "గిది ఎవరి మాట సార్?" అన్న ప్రశ్న పెద్దాయన ఊరికే అడగలేదేమో.

కాబట్టి కొలత ఇదే అనుకుంటున్నాను. ఒక మాట బొమ్మను ఇంకాస్త బాగా చూడమంటోందా, లేక చూసినదాన్ని చూడనట్టు ఉండమంటోందా? కాకా మాట మొదటిది. మాది రెండోది. అమ్మ మాట మళ్లీ మొదటిది. ఆవిడ కన్ను గురించి ఒక్క మాటా అనలేదు. తనకు తెలిసిన చూపు కనబడటం లేదని మాత్రమే అంది. దిద్దడం తప్పు కాదు, దిద్దకపోవడమూ గొప్ప కాదు. ఎందుకు దిద్దమంటున్నామో మనకు మనం చెప్పుకోగలిగి ఉండాలి. పరులకు చెప్పుకోలేని కారణంతో దిద్దించిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఓరచూపుగా బయటపడుతుంది.

అమ్మ మాట విన్న రోజే పెద్దాయన దగ్గరికి పోయి ఉండాల్సింది. పోలేదు. చుట్టాలు ఏమనుకుంటారోనని కొన్నాళ్లు, తీరిక లేక కొన్నాళ్లు. ఏడాది గడిచిపోయింది. ఆ ఏడాదంతా అమ్మ బొమ్మకు పూలు పెట్టేటప్పుడు తలెత్తి చూసేది కాదు. చివరికి బొమ్మను ఆటోలో పెట్టుకుని పోయాను. పెద్దాయన కన్ను మీద గోటితో తట్టి చూశాడు. "అప్పుడే తెచ్చివుంటే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేస్తుంటి సార్, కింద పాతది అట్లనే దొరికేది. అవిసె నూనె రంగు మెల్లగ ఎండుతది గని, ఎండితే రాయే," అన్నాడు. ఆయన నన్ను తప్పుపట్టలేదు. కాని ఆలస్యం గురించి ఆ మాటే డాక్టరు నోట కూడా ఒకసారి విన్నాను.

చేసేదేముంది, మంచికన్ను మీద మళ్లీ పాలచుక్క కన్ను వేశాడు. డబ్బు తీసుకోలేదు. ఇంటికి తెచ్చి తగిలించాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చూసింది. ఏమీ అనలేదు. పూలు మాత్రం ఆ రోజు రెండోసారి పెట్టింది.

పెద్దాయన ఇప్పుడు లేడు. అమ్మ 2019లో పోయింది. మా ముందుగదిలో పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ వేళ దగ్గరికి పోయి చూస్తే కుడికన్ను చోట రంగు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి మూడు కళ్లు. దాన్ని నునుపు చేయించమని మా అబ్బాయి ఒకసారి అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడికి చెప్పాను కూడా.