తుపానులో కీర్తన

1736 జనవరిలో, అమెరికాలోని జార్జియాకు పోవుచున్న సిమ్మండ్స్ అను ఓడ తుపానులో చిక్కి, పెద్ద తెరచాప చినిగి, అలలు పైకి పొరలి వచ్చుచుండగా, ఆంగ్లేయులు ఆర్తనాదములు చేసిరి గాని, జర్మనీనుండి వచ్చిన మొరేవియన్ క్రైస్తవులు తమ కీర్తనను ఆపరైరి. వారి స్త్రీలును పిల్లలును సైతము మరణమునకు వెఱవరని విని, ఆ ఓడలోనే యున్న జాన్ వెస్లీ, అంతటి నియమనిష్ఠలు గల పాదిరియయ్యు, తన హృదయమందలి భయమును గుర్తెఱిగెను.

ఆ భయము ఒక్కనాట తొలగలేదు. నాకు మిక్కిలి ఊరటనిచ్చునది ఇదియే. 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి ప్రార్థనాకూటమున, క్రీస్తే తన రక్షణకు చాలునన్న నిశ్చయము కలిగిన పిమ్మటను సంశయములు ఆయనను విడువకున్నను, ప్రార్థనను మానక దేవునికై కనిపెట్టుకొని యుండెను. 1743లో వెడ్నెస్‌బరీయందు అల్లరిమూక తనను కొట్టి యీడ్చుచుండగా, వారి నడుమనే ఎలుగెత్తి ప్రార్థించెను.