సౌకర్యమూ, స్వేచ్ఛా

స్వేచ్ఛా సాఫ్టువేరును అభిమానించేవారిలో చాలామందికి సౌకర్యం అనే మాట గిట్టదు. ఆపరేటింగ్ సిస్టంలో ఫలానాది వాడటం కష్టంగా ఉందని ఎవరైనా అంటే, అది వ్యాపార సంస్థలు అలవాటు చేసిన బద్ధకమని తీసిపారేస్తారు. సోర్సు కోడు చేతికిచ్చాం, మార్చుకునే హక్కూ ఇచ్చాం, ఇంకేం కావాలని వారి ప్రశ్న. ఈ వాదన నిష్ఠగా వినిపిస్తుంది గాని, కోడు చదవగలిగినవాడికే ఆ హక్కు పనికివస్తుందన్న సంగతి దాటవేస్తుంది. పైకం లేనివాడికి భూమి కొనుక్కునే హక్కు ఉన్నట్టే తక్కినవాళ్ళకు ఈ హక్కూ ఉంది.

ఈ విషయాన్ని గాలిలో చర్చించి లాభం లేదు. బ్రౌజరు యాడ్-ఆన్ల సంగతే చూద్దాం. బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములివి. ఒకటి ప్రకటనలను ఆపుతుంది, ఒకటి మన కదలికలు కనిపెట్టే నిఘాను అడ్డుకుంటుంది, ఒకటి పాస్‌వర్డులు భద్రపరుస్తుంది. ఇంటర్నెట్టులో సామాన్యుడి చేతిలో ఉన్న కాసిని ఆత్మరక్షణ సాధనాల్లో ఇవి ముఖ్యమైనవి.

2016 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్సు 48 నుంచి, మోజిల్లా సంతకం లేని యాడ్-ఆన్‌ను మామూలు ఫైర్‌ఫాక్సు అంగీకరించటం మానేసింది. దీన్ని దౌర్జన్యమని కొట్టెయ్యటం తొందరపాటు. అంతకు ముందు, వేరే ప్రోగ్రాములు లోపలికి వస్తూ వస్తూ యజమానికి చెప్పకుండా బ్రౌజరులో టూల్‌బార్లు దూర్చేవి, అతను తెరిచే మొదటి పేజీనే మార్చేసేవి. బలయినవాళ్ళలో ఎక్కువమంది కంప్యూటరు అంతుపట్టనివాళ్ళు. వాళ్ళకు రక్షణ కావలసిందే. అయితే రక్షణతో పాటు, అది నాకు వద్దనే మీటను కూడా తీసివేశారు. డెవలపర్ ఎడిషన్‌లోనూ, నైట్లీలోనూ, ఇ.ఎస్.ఆర్. అనే దీర్ఘకాలిక కూర్పులోనూ మాత్రం ఆ మీట మిగిలింది. మైనరు ఆస్తికి సంరక్షకుణ్ణి పెట్టటం న్యాయమే. వయసొచ్చిన తర్వాత కూడా సంరక్షకుడు దిగిపోకపోతే ఏమనాలి?

2019 మే 4న దీని ఫలితం బయటపడింది. ఆ సంతకాలకు ఆధారమైన ఒక మధ్యస్థ సర్టిఫికెట్టుకు గడువు తీరింది. కొత్తది పెట్టటం మరిచారు. ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్సు యాడ్-ఆన్లు పనిచెయ్యటం మానేశాయి. వాటిలో ఏ దోషమూ లేదు. టార్ బ్రౌజరులో నోస్క్రిప్టు కూడా ఆగిపోయింది. ప్రభుత్వాల కంట పడకూడదని టార్ వాడే పత్రికా రచయితలకు ఇది చిన్న అసౌకర్యం కాదు. టార్‌కు ఇ.ఎస్.ఆర్. ఆధారం కాబట్టి, సంతకాల తనిఖీని తాత్కాలికంగా ఆపుకోమని ఆ సంస్థ తనవారికి చెప్పగలిగింది. మామూలు ఫైర్‌ఫాక్సువారికి ఆ వీలు లేదు. పైగా మొదటి మరమ్మతు ‘స్టడీస్’ అనే ప్రయోగాల మార్గం గుండా వచ్చింది. సమాచారం పంపటం ఇష్టం లేక ఆ మార్గం మూసుకున్నవారు, నిఘాకు అడ్డుకట్ట తిరిగి తెచ్చుకోవటానికి ముందు ఆ తలుపు తెరవాల్సి వచ్చింది! అలా ఆ వారంలో చేరిన సమాచారాన్ని మోజిల్లా తర్వాత చెరిపేసింది. అది మెచ్చుకోదగ్గ పని. కాని మన ప్రశ్న మోజిల్లా మంచితనం గురించి కాదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన గ్నూ వారున్నారు. మోజిల్లా దుకాణంలో స్వేచ్ఛ లేని యాడ్-ఆన్లు కూడా ఉంటాయి కనక, వారి ఐస్‌క్యాట్ జనాన్ని అక్కడికి పంపదు. ఇదీ ఒక రకం సంరక్షకత్వమే కదా అనవచ్చు. కాదని నా అభిప్రాయం. సిఫారసు చెయ్యకపోవటం వేరు, అడ్డగించటం వేరు. ఐస్‌క్యాట్ వాడేవాడు తనంతట తాను ఆ దుకాణానికి వెళ్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు లేరు.

ఉబుంటూ ఉదాహరణ ఇంకా ఆలోచించదగింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04లో ఫైర్‌ఫాక్సును స్నాప్ అనే కంచె లోపల పెట్టారు. పాత పద్ధతిలో ఆప్ట్ ద్వారా అడిగినా స్నాపే వచ్చి కూర్చునేది. కంచె వల్ల భద్రత పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కాని కీపాస్ ఎక్స్‌సి అనే పాస్‌వర్డుల పెట్టెకు చెందిన యాడ్-ఆన్ కంచె అవతల ఉన్న తన ప్రోగ్రాముతో మాట్లాడలేకపోయింది. ఎందుకు పనిచెయ్యటం లేదో తెరమీద చెప్పే దిక్కు లేదు. తర్వాత కంచెకు ఒక గవిని పెట్టారు: ఈ యాడ్-ఆన్ బయటి ఫలానా ప్రోగ్రామును వాడుకోవచ్చునా అని యజమానినే అడుగుతుంది. కంచె అలాగే ఉంది, నిర్ణయం మాత్రం చేతులు మారింది.

జనం చదవకుండానే ‘అవును’ నొక్కేస్తారని నిపుణులంటారు. వయోజన ఓటింగు గురించి కూడా పెద్దమనుషులు ఈ మాటే అన్నారు. 1951-52 ఎన్నికల్లో, చదువురానివారున్నారని ఓటు తీసెయ్యలేదు. బ్యాలెట్ పెట్టెల మీద గుర్తులు వేశారు. యాడ్-ఆన్ల విషయంలో ఆ పని చెయ్యవలసినవారు ఆపరేటింగ్ సిస్టం కూర్చేవారే. డెబియన్ తన ఫైర్‌ఫాక్సు ఇ.ఎస్.ఆర్.కు తెలుగు ముఖాన్ని విడి ప్యాకేజీగా అందిస్తున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. సంతకాల మీటను అబౌట్-కాన్ఫిగ్ అనే చీకటికొట్టులోంచి తీసి, మామూలు సెట్టింగుల పేజీలో పెట్టి, నొక్కితే వచ్చే ప్రమాదమేమిటో పక్కన రెండు తెలుగు వాక్యాలు రాయటం వీరికి అసాధ్యమైన పని కాదు.